మద్ది చెక్క నుంచి గుండె దాకా ఎంత దూరం?

మావయ్య ఒక పొట్లం, ఒక సీసా తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. పొట్లంలో మూలికల కొట్టులో కొన్న తెల్లమద్ది చెక్క (అంటే చెట్టు బెరడు) ముక్కలున్నాయి. సీసాలో అదే చెక్క సారంతో చేసిన క్యాప్సూల్స్. ఆయనకి మూడేళ్ల క్రితం స్టెంట్ వేశారు. "నువ్వు ఫార్మసీ చదివావు కదమ్మా, ఇది వేసుకోవచ్చా? సైంటిస్టులు నిరూపించారని రాశాడు చూడు" అన్నాడు. సీసా మీద నిజంగానే ఉంది: యాంటీఆక్సిడెంట్ గుణాలు పుష్కలం, గుండెకు రక్షణ.

ఆ రెండు మాటల మధ్య ఒక కామా ఉంది. ఆ సాయంత్రం నేను మావయ్యకి చెప్పిందంతా ఆ కామా గురించే. బెరడులో యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయన్న మాట నిజం. గుండెకు ఎంతో కొంత మేలు చేయవచ్చన్న మాటకీ కొంత ఆధారం ఉంది. కానీ మొదటిది నిజం కాబట్టి రెండోదీ నిజమే అనుకోవడం దగ్గర పొరపాటు జరుగుతోంది.

ముందు చెట్టు సంగతి చూద్దాం. మన వైపు వాళ్లకి తెల్లమద్ది కొత్త కాదు. పాడేరు, అరకు కొండల్లో వాగుల ఒడ్డున పెద్ద మానులుగా పెరుగుతుంది. బెరడు నున్నగా, బూడిద కలిసిన తెలుపులో ఉంటుంది, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. లోపలి వైపు లేత గులాబి రంగు. దీనికి దగ్గర చుట్టం నల్లమద్ది. దాని బెరడు నల్లగా, మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. తెల్లమద్దినే సంస్కృతంలో అర్జున అంటారు. దాదాపు ఏడో శతాబ్దం నాటి వాగ్భటుడు దీన్ని గుండె జబ్బుకు చెప్పాడు. 11వ శతాబ్దంలో చక్రపాణి దత్తుడు చెక్కని పాలల్లో కాచి ఇవ్వమన్నాడు. మన ఇళ్లల్లో పాల కషాయం అనేది అదే.

మావయ్యని ఒక చిన్న ముక్క నమలమన్నాను. మొహం ముడుచుకున్నాడు. నాలుక బిరుసెక్కి, చిగుళ్లు పట్టేసినట్టయింది. ఆ వగరు టానిన్లది. అవి ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దలా చేస్తాయి, నోట్లో జారుడు పోయి గరుకు మిగులుతుంది. పాలల్లో కాస్తే వగరు తగ్గడానికి కారణం కూడా ఇదే. టానిన్లు మన ఉమ్మి బదులు పాలలోని ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. తర్వాత ఒక గ్లాసులో కషాయం పోసి అందులో తుప్పు పట్టిన మేకు వేశాను. కాసేపటికి మేకు చుట్టూ నీళ్లు సిరాలా నల్లబడ్డాయి. టానిన్లు ఇనుమును కూడా పట్టుకుంటాయన్నమాట. ఐరన్ టాబ్లెట్ వేసుకునేవాళ్లు ఇలాంటి కషాయం దాంతో పాటు తాగకూడదని చెప్పేది అందుకే. ఇనుము ఒంటికి పట్టదు.

నైలాన్ వలలు రాకముందు నూలు వలలు కుళ్లిపోకుండా జాలర్లు వాటిని చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి ఆరబెట్టేవాళ్లు. విశాఖ పెదజాలారిపేట లాంటి చోట్ల పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. తోళ్లు ఊనడానికి కూడా ఈ చెక్కలనే వాడేవాళ్లు. చెట్టు టానిన్లు తయారు చేసుకునేది తన కోసం. పురుగు కొరికేది, బూజు పట్టేది, ఎండా వానా తగిలేది బెరడుకే. అందుకని చెట్టు తన రక్షణ సామగ్రి చాలా వరకు అక్కడే దాచుకుంటుంది. మద్ది చెక్కలో టానిన్లతో పాటు గాలిక్, ఎల్లాజిక్ ఆమ్లాలు, ఫ్లేవనాయిడ్లు, ప్రోయాంతోసయనిడిన్లు, ఆ చెట్టు పేరే పెట్టుకున్న అర్జునోలిక్ ఆమ్లం వంటివి ఉన్నాయి. వీటిలో చాలా వాటికి ఎలక్ట్రాన్‌ని సులువుగా వదులుకునే గుణం ఉంది. యాంటీఆక్సిడెంట్ అంటే రసాయన భాషలో అంతే, ఎలక్ట్రాన్ ఇచ్చేది. గుండె ప్రస్తావన ఆ మాటలో ఎక్కడా లేదు.

మరి గుండె ఎలా వచ్చింది? విశాఖలో ఉండేవాళ్లకి ఇది తుప్పుతో మొదలుపెట్టి చెప్పడం తేలిక. బీచ్ రోడ్డు వైపు కిటికీ గ్రిల్స్ పెయింట్ వేసి ఏడాది తిరక్కుండానే పొక్కులొస్తాయి. ఉప్పు గాలి, తేమ, ఆక్సిజన్ కలిసి ఇనుమును తినేస్తాయి. ఒంట్లో కూడా ఆక్సిజన్ రెండు వైపులా పదునున్న కత్తే. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది, ఒక్క క్షణం ఆగే వీలు లేదు. అందుకే గుండె కండర కణంలో ఇంచుమించు మూడో వంతు జాగా మైటోకాండ్రియాదే, అంటే శక్తి తయారు చేసే పొయ్యిలది. ఆ పొయ్యిలో ఆక్సిజన్ మండేటప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి సూపరాక్సైడ్ లాంటి దూకుడు అణువులు పుడతాయి. వాటినే ఫ్రీ రాడికల్స్ అంటున్నాం. వాటిని అదుపు చేయడానికి కణంలో ఎస్ఓడీ, కెటలేజ్ అనే ఎంజైములు, గ్లూటాథయోన్ అనే పదార్థం కాపలా ఉంటాయి. కాపలా తగ్గి దూకుడు పెరిగితే కణం పొరలు, ప్రొటీన్లు, డీఎన్ఏ దెబ్బతింటాయి. రక్తనాళం గోడలో చిక్కుకున్న ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ ఇలా ఆక్సీకరణ చెందితే తెల్ల రక్తకణాలు దాన్ని మింగి నురగ కణాలుగా మారతాయి. పూడిక మొదలయ్యేది అక్కడ. మూసుకుపోయిన నాళం తెరుచుకుని రక్తం మళ్లీ పరిగెత్తిన క్షణంలో కూడా ఈ దూకుడు అణువులు ఒక్కసారిగా ఎగదన్ని కండరాన్ని కొంత గాయపరుస్తాయి.

ఇంతవరకూ తుప్పు పోలిక పనికొచ్చింది, ఇక్కడి నుంచి పనికిరాదు. తుప్పు వల్ల ఇనుముకు ఏ లాభమూ లేదు. ఒంట్లో మాత్రం ఈ దూకుడు అణువులకి పని ఉంది. తెల్ల రక్తకణాలు క్రిములను చంపేది వీటితోనే. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కూడా వీటిని వాడతాయి. వ్యాయామం చేసినప్పుడు పుట్టే కొద్దిపాటి ఫ్రీ రాడికల్స్ చూసే కణాలు తమ కాపలా బలం పెంచుకుంటాయి. కాబట్టి "ఎంత యాంటీఆక్సిడెంట్ పోస్తే అంత మంచిది" అన్నది పెయింట్‌కి వర్తించవచ్చు గానీ, మనిషికి వర్తించదు.

చదువుకునే రోజుల్లో నేను కూడా బెరడు సారాలతో యాంటీఆక్సిడెంట్ గుణం కొలిచే పరీక్ష చేశాను. డీపీపీహెచ్ అని ఒక పొడి ఉంటుంది. మిథనాల్‌లో కలిపితే ముదురు ఊదా రంగు వస్తుంది, నేరేడు పళ్లు పిండినట్టు. అందులో బెరడు సారం కొన్ని చుక్కలు వేసి, అరగంట చీకట్లో పెట్టి తీస్తే ఊదా పోయి లేత పసుపు మిగులుతుంది. 517 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు ఎంత తగ్గిందో యంత్రం కొలుస్తుంది. సగం రంగు పోగొట్టడానికి ఎంత సారం పట్టిందో, విటమిన్ సి ఎంత పట్టిందో పక్క పక్కన రాస్తాం. మొదటిసారి ఆ రంగు మారడం చూసినప్పుడు నాకు గుండె దడదడలాడింది. ఏదో మందు కనిపెట్టినంత సంబరం. చవకైన పరీక్ష, ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది, దాదాపు ప్రతిసారీ మంచి ఫలితమే వస్తుంది. కాఫీ డికాక్షన్ వేసినా, టీ వేసినా, చింతగింజ తొక్క సారం వేసినా ఆ ఊదా రంగు పోతుంది. గాజు గొట్టంలో కడుపు లేదు, కాలేయం లేదు, రక్తం లేదు. అక్కడ రంగు మారిందంటే ఆ సారం ఎలక్ట్రాన్ ఇవ్వగలదని మాత్రమే తెలిసింది.

ఇలాంటి గొట్టం లెక్కలతో అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఆహార పదార్థాలన్నిటికీ యాంటీఆక్సిడెంట్ మార్కులు వేసి పట్టిక పెట్టింది. కంపెనీలు ఆ మార్కులని అట్టల మీద అచ్చు వేసుకున్నాయి. 2012లో ఆ శాఖే పట్టికను తీసేసింది. ఆ అంకెలకీ మనిషి ఆరోగ్యానికీ సంబంధం ఉందని చూపే ఆధారం లేదని చెప్పింది.

ఎందుకు లేదంటే, మింగినదంతా రక్తంలోకి వెళ్లదు. టానిన్లు పెద్ద అణువులు, పేగు గోడ దాటడం కష్టం. పెద్ద పేగులోని బాక్టీరియా వాటిలో కొన్నిటిని విరిచి యూరోలిథిన్లు అనే చిన్న పదార్థాలుగా మారుస్తాయి. అవి రక్తంలోకి వెళతాయి. అందరి పేగుల్లోనూ ఒకే బాక్టీరియా ఉండవు కాబట్టి ఇద్దరు ఒకే కషాయం తాగినా రక్తంలో చేరేది ఒకటి కాదు. ఇక చేరినదాన్ని కాలేయం మరోసారి మార్చేస్తుంది. గొట్టంలో పరీక్షించిన పదార్థమూ, గుండె దాకా వెళ్లేదీ ఒకటి కానే కావచ్చు.

గొట్టం తర్వాత మెట్టు ఎలుకలు. బెరడు గుండెను కాపాడిందని వచ్చే పరిశోధనల్లో చాలా భాగం ఒకే పద్ధతిలో ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కుర్ర ఎలుకలకి కొన్ని వారాలు బెరడు సారం పట్టిస్తారు. చివర్లో ఐసోప్రోటెరెనాల్ అనే మందు కిలో బరువుకి 85 మిల్లీగ్రాముల చొప్పున వరసగా రెండు రోజులు ఇస్తారు. అది గుండెను విపరీతంగా పరిగెత్తించి కండరాన్ని దెబ్బతీస్తుంది. గుండె కండరం దెబ్బతింటే సీకే-ఎంబీ, ట్రోపోనిన్ అనే ప్రొటీన్లు రక్తంలోకి కారతాయి, అవి ఎంత కారాయో తర్వాత కొలుస్తారు. సారం తాగిన ఎలుకల్లో తక్కువ కారుతుంది, ఎస్ఓడీ, గ్లూటాథయోన్ ఎక్కువ మిగులుతాయి. ఇది నిజంగా జరిగే విషయమే, చాలా ప్రయోగశాలల్లో జరిగింది. మద్ది చెక్క మీద ఇలాంటి పనులు బోలెడున్నాయి.

కానీ దగ్గరగా చూడాలి. ఐసోప్రోటెరెనాల్ అంత మోతాదులో తానే ఆక్సీకరణ చెంది ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది. అలాంటి దెబ్బకి యాంటీఆక్సిడెంట్ అడ్డం పడటంలో ఆశ్చర్యం లేదు. ప్రశ్నపత్రమే జవాబుకు అనుకూలంగా ఉన్నట్టు. మన మనుషులకి వచ్చే గుండెపోటు అలా రాదు. ఏళ్ల తరబడి పూడిక పెరిగి, ఒకరోజు అది చిట్లి, రక్తం గడ్డకట్టి నాళం మూసుకుంటే వస్తుంది. ఆ ఎలుకకి షుగర్ లేదు, బీపీ లేదు, బీడీ అలవాటు లేదు. పైగా దానికి దెబ్బ తగలకముందే మందు పట్టించారు. మావయ్యకి దెబ్బ తగిలి మూడేళ్లయింది.

మోతాదు కూడా లెక్క వేసి చూపించాను. ఎలుకకి కిలోకి 400 మిల్లీగ్రాముల సారం ఇచ్చారనుకుందాం. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు సుమారు 6.2తో భాగిస్తారు. అంటే కిలోకి 65 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి దాదాపు 4 గ్రాములు. అది సారం, చెక్క కాదు. వంద గ్రాముల చెక్క నుంచి పది, ఇరవై గ్రాముల సారం వస్తుందనుకున్నా రోజుకు ఇరవై నుంచి నలభై గ్రాముల చెక్క కాచుకోవాలి. అదీ ఒకే రకం సారం అయితే. ల్యాబ్‌లో తరచూ మిథనాల్‌తోనో ఇథనాల్‌తోనో తీస్తారు, ఇంట్లో మనం నీళ్లతోనో పాలతోనో కాస్తాం. ద్రావకం మారితే చెక్కలోంచి దిగే పదార్థాలూ మారతాయి.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. మద్ది చెక్క ఇతర బెరడుల కంటే ఈ విషయంలో అదృష్టవంతురాలు, మనుషుల మీద పరీక్షలు జరిగాయి. 1995లో ఇండోర్ వైద్యులు మందులకు లొంగని హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిపడా పంప్ చేయలేకపోవడం) ఉన్న 12 మందికి రెండు వారాలు బెరడు సారం ఇచ్చి చూస్తే గుండె పంపింగ్ మెరుగుపడింది. 2002లో అదే బృందం నడిస్తే ఛాతీ నొప్పి వచ్చే 58 మంది మగవాళ్లకి ఒక వారం సారం, ఒక వారం ఛాతీ నొప్పికి మామూలుగా ఇచ్చే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, ఒక వారం ఉత్తుత్తి మందు ఇచ్చి ట్రెడ్‌మిల్ మీద నడిపించింది. ఉత్తుత్తి మందు కంటే సారం మెరుగ్గా, నైట్రేట్‌కి దగ్గరగా పని చేసింది. నేను వీటిని చిన్నచూపు చూడను. కానీ పన్నెండు మంది, యాభై ఎనిమిది మంది, వారం, రెండు వారాలు. జీవితాంతం వేసుకునే మందుకి ఇది సరిపోదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ కళ్లు తెరిపించింది 2001లో జైపూర్ నుంచి వచ్చిన పరిశోధన. గుండె జబ్బున్న 105 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఉత్తుత్తి మందు, ఒక గుంపుకి రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ, ఒక గుంపుకి 500 మిల్లీగ్రాముల మద్ది చెక్క పొడి. 30 రోజుల తర్వాత చూస్తే మద్ది గుంపులో ఎల్‌డీఎల్ సగటున 16 శాతం దాకా తగ్గింది. విటమిన్ ఇ గుంపులో తగ్గలేదు. మరి ఆక్సీకరణ గుర్తులు? రెండు గుంపుల్లోనూ తగ్గాయి, విటమిన్ ఇ తీసుకున్నవాళ్లలో ఇంకా ఎక్కువ తగ్గాయి. అంటే యాంటీఆక్సిడెంట్‌గా విటమిన్ ఇ మద్ది చెక్కని మించిపోయింది.

ఇప్పుడు ఆ విటమిన్ ఇ ఏమైందో చూడండి. 2000లో వెలువడిన హోప్ అనే పెద్ద పరిశోధనలో తొమ్మిదిన్నర వేల మందిలో దాదాపు సగం మందికి అదే 400 యూనిట్లు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మందు సగటున నాలుగున్నరేళ్లు ఇచ్చారు. గుండెపోట్లూ తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. 2002లో బ్రిటన్‌లో 20,536 మంది మీద ఐదేళ్ల పాటు విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ కలిపి పరీక్షించారు. రక్తంలో వాటి మోతాదు బాగా పెరిగింది. గుండెకి మాత్రం ఏ మేలూ కనిపించలేదు. అంతకు ముందే 1994లో ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మంది మగవాళ్ల మీద చేసిన పరిశోధనలో బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. యాంటీఆక్సిడెంట్ గుర్తులు బాగుపడటం, మనిషి బాగుపడటం వేరు వేరని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పాలి?

మద్ది చెక్క విషయంలో కూడా అదే కనిపించింది. 2016లో ఢిల్లీ ఎయిమ్స్ నుంచి వచ్చిన పరిశోధనలో హార్ట్ ఫెయిల్యూర్ ఉండి, మామూలు మందులన్నీ వాడుతున్న సుమారు వంద మందికి 12 వారాలు నీటి సారం గానీ ఉత్తుత్తి మందు గానీ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో డాక్టర్లకీ తెలీదు, రోగులకీ తెలీదు. సారం వాడిన కొందరిలో యాంటీఆక్సిడెంట్ నిల్వలు పెరిగాయి, కాస్త ఎక్కువ నడవగలిగారు, ఓపికగా ఉందన్నారు. టూడీ ఎకోలో కనిపించే గుండె పంపింగ్ శాతం మాత్రం మారలేదు. తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా కనిపించలేదు. మద్ది చెక్క గురించి నాకున్న అభిప్రాయానికి ఇదే పునాది. ఏదో ఉంది, కానీ అది యాంటీఆక్సిడెంట్ అన్న లేబుల్‌లో లేదు. కొలెస్ట్రాల్ వైపో, రక్తనాళాల సడలింపు వైపో వెతకాలి.

బెరడు నుంచి గుండెకి మందులు రానే రావా అని మావయ్య అడిగాడు. వచ్చాయి. విల్లో చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లిష్ మతబోధకుడు 1763లో రాశాడు. ఆ దారిలోనే 1897లో ఆస్పిరిన్ తయారైంది. మావయ్య రోజూ వేసుకునే చిన్న టాబ్లెట్ అదే. అది పనిచేసేది ప్లేట్‌లెట్లు గుంపు కట్టకుండా ఆపి. ఇంకోటి సింకోనా, మలేరియా మందు క్వినైన్ వచ్చేది ఈ చెట్టు బెరడు నుంచే. 1912లో వెంకెబాక్ అనే డాక్టర్ దగ్గరికి గుండె గతి తప్పిన ఒక వ్యాపారి వచ్చి, క్వినైన్ వేసుకుంటే మర్నాటికల్లా నాడి సరిపోతోందని చెప్పాడు. డాక్టర్ నమ్మలేదు, తర్వాత చూసి ఒప్పుకున్నాడు. 1918లో అదే బెరడులోని క్వినిడిన్ ఇంకా బాగా పనిచేస్తుందని తేలింది. దశాబ్దాల పాటు గుండె గతి సరిచేసే ముఖ్యమైన మందుల్లో అదొకటి. 1990లో పాత పరీక్షలన్నీ కలిపి లెక్క వేస్తే, క్వినిడిన్ వాడినవాళ్లలో గుండె గతి ఎక్కువ కాలం సరిగ్గానే ఉంది, కానీ మరణాలు వాడనివాళ్ల కంటే మూడు రెట్లు ఎక్కువ. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మెత్తనిది అనుకోకూడదు. నిజంగా పనిచేసే బెరడు, తేడా వస్తే నిజంగా హాని కూడా చేస్తుంది.

అందుకే మావయ్య అడిగినదానికి "వేసుకో" అనీ అనలేదు, "పారెయ్" అనీ అనలేదు. ఆయన వాడుతున్నది రెండు రకాల రక్తం పలచబరిచే టాబ్లెట్లు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, బీపీ టాబ్లెట్. మద్ది సారం ప్లేట్‌లెట్లను కొంత మందగింపజేస్తుందనీ, మందులను విరగ్గొట్టే కాలేయ ఎంజైములను అడ్డుకోగలదనీ ల్యాబ్ పరీక్షల్లో కనిపించింది. మనిషిలో అది ఎంత మేర జరుగుతుందన్నది ఆయన మీద ఇంట్లో ప్రయోగం చేసి తెలుసుకోవాల్సిన విషయం కాదు. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం లాంటివి కనిపిస్తే ఆగకుండా డాక్టర్‌కి చెప్పాలి. స్టెంట్ వేసినవాళ్లు పలచబరిచే టాబ్లెట్లు సొంతంగా ఆపితే స్టెంట్ లోపలే గడ్డకట్టే ప్రమాదం ఉంది, దానికి ఏ కషాయమూ బదులు కాదు. దాల్చినచెక్క పొడి చెంచాలకొద్దీ తింటున్నాననీ మాటల్లో బయటపడింది. బజార్లో దొరికే మందపాటి కేసియా చెక్కలో కూమరిన్ ఎక్కువ, రోజూ అంతంత తింటే కాలేయానికి మంచిది కాదని అదీ చెప్పాను. కూరలో వేసుకునేంత అయితే పరవాలేదు.

"అయితే మరి సీసా సంగతి?" అన్నాడు. టాబ్లెట్ల డబ్బాతో పాటు సంచిలో వేసుకుని సోమవారం ఓపీకి వెళ్లినప్పుడు చూపించమన్నాను. చాలామంది డాక్టర్ తిడతారన్న టెన్షన్‌తో ఈ సంగతి దాస్తారు. మావయ్యకీ ఆ భయం ఉంది. ఓపీ చీటీ వెనక నేనే రాసి ఇచ్చాను: తెల్లమద్ది సారం, 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండు, ఇంకా మొదలుపెట్టలేదు.

ఆయన వెళ్లబోతుంటే పొట్లం విప్పి టేబుల్ మీద న్యూస్ పేపర్ పరిచి ముక్కలన్నీ దాని మీద పోశాను. ఒక్కో ముక్క తిప్పి చూస్తూ ఇద్దరం రెండు కుప్పలు చేశాం. నున్నగా, తెల్లగా, లోపల గులాబి రంగున్నవి ఒక వైపు. ఇంకో వైపు చేరిన ఏడెనిమిది ముక్కల పైభాగం నల్లగా, మొసలి వీపులా పగిలి ఉంది. మావయ్య అందులో ఒకటి తీసుకుని కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశాడు. "పొడి కొట్టించి ఉంటే తెలిసేదే కాదు కదా" అన్నాడు.